బోర్డు మీది ‘న’

మాఘం వెళ్లిపోతున్నదని
సైదమ్మ రెండుసార్లు యాది చేసింది.
"కొయ్యవా ఇంక? కొత్త కొమ్మకే పువ్వు,
ముదురు కొమ్మకు ఒట్టి ఆకు."
ఆగి మాట్లాడే మనిషి కాదు.
ఆ మాట నా గడపల పడేసి
టమాటల బండితోటి సాగర్ రోడ్డు ఎక్కింది.

నా చేతులకు కోత కొత్తనా?
ముప్పై రెండేండ్లు.
గద్వాల పట్టుచీరెల నుంచి జాకెట్ ముక్క,
సుద్దగీత మీద ఊపిరి బిగబట్టి
సర్రున ఒక్క కోత.
పెండ్లిపిల్ల తల్లి కండ్లు మూసుకునేది,
నేను మూసుకోలె.

ఈ రాధామనోహరం కాడ మాత్రం
కత్తెర చేతుల వేడెక్కేదాక నిలబడ్డ.

రేకుల మీద పాకింది, కేబుల్ వైరు పట్టుకున్నది,
మిర్యాలగూడ మిల్లుల ఊకబూడిదంత
ఆకాకుకు పూసుకున్నది.
ఒక కొస దిగొచ్చి
‘అనసూయ లేడీస్ టైలర్స్’ల
సరిగ్గా ‘న’ మీద కూసున్నది.
బడిపిల్లలు పొద్దున పైకి చదువుకుంటూ పోతరు,
నవ్వుకుంటూ.

నాకు నవ్వు రాలె.
ఈ తీగె షాహెదా తెచ్చింది.
కాజాలు నేర్చుకుందామని వచ్చిన తొలిరోజు
హాలియా నుంచి తడిగుడ్డల చుట్టుకొని,
జానెడు పుల్ల.
ఇప్పుడు రోడ్డుకు అవతల దాని షాపు,
అద్దాల తలుపు, తల లేని బొమ్మకు లెహంగా.
నా గిరాకీలు తల వంచుకొని రోడ్డు దాటుతరు.

భయం తీగెకు నొప్పైతదని కాదు.
కొయ్యబడితే
మొదలు దాక ఆగనేమోనని.

"అమ్మా, బట్ట కత్తెరతోని కొయ్యకు.
పదును పోతదని నువ్వే కదా కొట్టినవ్."
ఎప్పుడు దాటిందో రోడ్డు.
చేతిల కొమ్మ కత్తెర, పచ్చ పిడిది.
తీసుకున్న. ఏమీ అనలె.

కణుపుకు పైన వేలెడు ఇడిసి, ఏటవాలుగ.
ఎండినవి ముందు, పుల్లలు పుల్లలైనవి తర్వాత.
నాలుగు లావు కాండాలు ఉంచిన.
ఆకు రాలినకాడ ముల్లు మిగుల్తది ఈ తీగెకు,
అది తెల్వక లాగింది షాహెదా,
మణికట్టు మీద ఎర్రటి టాకా.
"కుట్టు వంకర," అన్న.
నవ్వింది. నెత్తినిండ బూడిద.

పాత చీరె ఫాల్ చింపి
ఎనిమిది అంకెలెక్క వదులుగ కట్టిన.
ఎదిగే పిల్ల లంగాకు
లోపల మడత ఇడుస్తం కదా, అట్ల.
మొదట్ల చిన్న పాదు తీసి
గంపెడు పెంటెరువు, రెండు బిందెల నీళ్లు.
మిగిలిన చాయపత్తి కూడ పోసింది
అడగకుండనే, అప్పట్లెక్క.

పోయేటప్పుడు మూడు పుల్లలు ఏరుకున్నది.
లైనింగ్ ముక్క తడిపి నేనే చుట్టిచ్చిన.
"మీదికి పాకనియ్యకు, బోర్డు మూస్తది."
"మూయనియ్యమ్మా," అన్నది,
"ఏడాదికోసారి నువ్వొస్తవు కదా."
లారీ ఒకటి అడ్డమొచ్చింది.
జవాబు చెప్పే పని తప్పింది.

ఇప్పుడు గోడకు నాలుగు బోడి తాళ్లు.
చైత్రందాక చూసుడే.
తెల్లగ విచ్చి, గులాబయి, ఎరుపెక్కి,
మిషన్ మీదికి వాసన రావాలంటే
ఇంకా ఎన్ని జాకెట్లు కుట్టాల్నో.

షటర్ దించుతూ పైకి చూసిన.
అ, సూ, య, ఎండకు వెలిసినయి.
నడుమ ‘న’ ఒక్కటే
నిన్న రాసినట్టు ఉన్నది.