నాలుగో ప్రశ్న

రోజుకు ఎన్ని గ్లాసులు?
చేర్చుకునే ఫారంలో నాలుగో ప్రశ్న ఇది.
జుంబెర్ నవ్వాడు.
"గ్లాసులెవరు లెక్కపెడతారమ్మా,
నేను పేర్లు లెక్కపెడతాను."

తెలావీ చుట్టుపట్ల పదకొండు ఊళ్ళలో
పెళ్ళయినా, చావయినా, బిడ్డకు జ్ఞానస్నానమైనా
బల్లకు తలవైపు కూర్చునేది ఈయనే.
తమడా అంటాం మా జార్జియాలో.
ఆయన లేచి ఒక పేరు పలికితేగాని
ఎవరి గ్లాసూ పెదవి దాకా పోదు.
మొదట దేవుడి పేర, తర్వాత నేల పేర,
పోయినవాళ్ళ పేర, ఇంకా పుట్టనివాళ్ళ పేర,
రొట్టె కాల్చిన చేతుల పేర,
కొండదారిలో మంచుకు చిక్కి రాలేకపోయిన అతిథి పేర.
"మొన్న ఆదివారం ఇరవై ఆరు పేర్లు" అన్నాడు,
గర్వంగానే.
ఫారంలో పేర్లకు గడి లేదు.
ఖాళీగా వదిలేశాను.

వెంట వచ్చిన భార్య లమారా
సంచిలోంచి దువ్వెన, చెప్పులు, రెండు జతల ఉన్ని మేజోళ్ళు తీసి
మంచం కింద సర్దింది.
వరండాలో నాతో ఒకే మాట అంది:
"ఇంట్లో ఈయన నోరు తెరవగా చూసి ఎనిమిదేళ్ళు."

మొదటి రాత్రి సెలైన్‌లో పసుపురంగు విటమిన్.
నాలుగు గంటలకోసారి లేపి
చేతులు చాపించాలి, వేళ్ళు విడదీయించాలి,
వణుకుకు మార్కులు వేయాలి.
ఏడుకు ఆరు.
చాపిన చేతుల్ని తనే వింతగా చూసి
"ఎవరివమ్మా ఇవి?" అన్నాడు.

మూడో రాత్రి మంచం దిగి నిలబడ్డాడు.
ఎదుట ఉన్నది సున్నం గోడ.
ఆయనకు మాత్రం నిండు విందు.
ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు.
వాళ్ళలో తమ్ముడు బద్రీ ఉన్నాడు,
ద్రాక్షకోత నాడు ట్రాక్టరు తిరగబడి పోయినవాడు.
కుడిచెయ్యి పైకి లేచి
లేని కొమ్ముపాత్ర బరువుకు
మణికట్టు దగ్గర కొంచెం వంగింది.
డాక్టర్ ఎతేరీ సూదిమందు వేసేదాకా
ఆ చేతిని నేను పట్టుకున్నాను.
పాతికేళ్ళ ఉద్యోగంలో
అంత అందమైన మాటలు వినలేదు.
ఈ సంగతి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

తొమ్మిదో రోజు అందరితో కూర్చోబెట్టారు.
గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు, తలవైపు అంటూ లేదు.
ఒక బస్సు డ్రైవరు, ఒక లెక్కల టీచరమ్మ,
మీసకట్టు సరిగా రాని ఒక కుర్రాడు.
మీ గురించి చెప్పండి అంటే
అలవాటుగా లేచాడు. గొంతు సవరించుకున్నాడు.
దేవుడి పేరు దగ్గరే ఆగిపోయాడు.
చేతిలో ఏమీ లేదు.
కూర్చున్నాడు.
చాలాసేపటికి, నేలవైపు చూస్తూ,
"రాత్రి మేజోళ్ళు వేసుకోవడం మరిచిపోయాను.
కాళ్ళు చల్లబడ్డాయి."
టీచరమ్మ తల ఊపింది.
"నాకూ అంతే" అంది.

ఇరవై ఎనిమిదో రోజు పంపించాం.
గురువారం గురువారం వచ్చి వారానికి సరిపడా మాత్రలు తీసుకోవాలి.
రెండు గురువారాలు వచ్చాడు.
మూడోది వచ్చేసరికి అక్టోబరు.
లోయంతా ద్రాక్షకోత,
గాలి పీల్చినా నాలుక పులిసే రోజులు,
నేలలో పాతిన మట్టిజాడీలు
నోళ్ళు తెరుచుకుని ఉంటాయి.
ఆయన కుర్చీ ఖాళీ.
లమారాకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

నాలుగో గురువారం తలుపు దగ్గర నిలబడ్డాడు,
టోపీ చేతుల్లో నలుగుతోంది.
ముందు వాసన వచ్చింది, వెనకాల ఆయన.
నేనేమీ అనలేదు. కొత్త ఫారం తీశాను.
పేరు. ఊరు. వయసు.
నాలుగో ప్రశ్న దగ్గర
కిటికీ వంక చూశాడు.
"మేనల్లుడి పెళ్ళి..." అని మొదలుపెట్టి
మింగేశాడు.

"తొమ్మిది" అన్నాడు.
"గ్లాసులు."

గడిలో తొమ్మిది వేశాను.
సరిగ్గా పట్టింది.