తేడా కాలమ్

డులూత్ పోలీసు స్టేషన్ నేలమాళిగలో
నాది కిటికీ లేని గది.
సరస్సు మీది గాలి మెట్ల దాకా వచ్చి
తుపాకీ నూనె వాసన చూసి వెనక్కి పోతుంది.

ముప్ఫై ఒక్కేళ్ళుగా ఇదే బల్ల, ఇదే చిట్టా.
ఇచ్చినవి. తిరిగొచ్చినవి. తేడా.
నాకు ముందు ఈ స్టూలు మీద కూర్చున్న ఆర్వో నిస్కనెన్
స్కేలు లేకుండానే గీతలు తిన్నగా గీసేవాడు.

ఆయన హయాంలో ముప్ఫై ఎనిమిది.
చక్రంలో ఆరు, నడుం చుట్టూ తోలు కుట్లలో పన్నెండు,
గుండ్రటి ముక్కు సీసం గుళ్ళు.
మర్యాదస్తులనేవాడు వాటిని.
తోలూ ఇత్తడీ పక్కపక్కనుంటే ఊరుకోవు.
చెమటకీ మంచుకీ చిలుము పట్టి
సార్జెంట్ టోలెఫ్‌సన్ బెల్టులోంచి
పచ్చటి పొడి రాలేది,
ఇరవై ఆరేళ్ళు పేల్చని గుళ్ళ మీద
నాచు మొలిచినట్టు.
వినిగరు గుడ్డతో తుడుస్తూ ఆర్వో అన్నాడు:
"చూడు మారిట్, మంచి పోలీసుది ఈ రంగు."

తర్వాత తొమ్మిది వచ్చింది.
చక్రం పోయి, పిడిలో పదిహేను బారులు తీరాయి.
రివాల్వర్ల ఇనుము కొలిమికి వెళ్ళింది.
ఒక్కో అరచేతికి ఒక్కోలా అరిగిన చెక్క పిడులు
పారెయ్యమన్నారు.
నాలుగు పారెయ్యలేదు.

ఎక్కడో దక్షిణాన, ఎండ ఊళ్ళో, ఒక కాల్పుల తర్వాత
తొమ్మిది చాలదన్నారు.
పది అన్నారు. పదికి మణికట్లు తిరగబడ్డాయి.
పదిని కోసి, పొట్టి చేసి, నలభై అన్నారు.
పదిని కోస్తే నలభై ఎలా అయిందని
మా అకౌంట్సు ఆవిడ నవ్వింది.
ఒకటి మిల్లీమీటర్లు, ఇంకోటి అంగుళంలో నూరో వంతులు అన్నాను.
నవ్వు ఆపలేదు.
జిలటిన్ దిమ్మలో పన్నెండు అంగుళాలు దిగితే పాసు.
దిమ్మకి పేరుండదు.
మొన్నీమధ్య తొమ్మిదే చాలునని సర్క్యులర్ వచ్చింది:
కొత్త గుండు, పాత అంకె.
అన్నీ మళ్ళీ మార్చాను.

చిట్టా మాత్రం మారలేదు.
తేడా: ఒకటి. కారణం: దుప్పి, హైవే యాభై మూడు.
తేడా: రెండు. కారణం: దుప్పి, మొదటిది తప్పింది.
తేడా: సున్నా. సున్నా. సున్నా.
కాళ్ళు విరిగి కందకంలో పడ్డ దుప్పికి
ఏ అంకె అయినా ఒకటే.

ఒక్క పేజీ ఉంది.
మార్చి, మంచు కరిగే వారం, ధాన్యం గోదాముల వెనక.
తేడా: పదకొండు.
కారణం గడిలో
డెవిన్ లారోక్, వయసు పంతొమ్మిది అని రాసి,
అది కారణం కాదని తోచి
కొట్టేశాను.
కొట్టేసినా చదవొస్తుంది.
ఆ పిస్తోలు ఈ బల్ల మీదికే వచ్చింది.
స్ప్రింగు చూశాను, పిన్ను చూశాను, గొట్టంలోకి లైటు వేసి చూశాను.
లోపమేమీ లేదని సంతకం పెట్టాను.
రాసింది నిజమే.

రేపు తాళాలిచ్చేస్తాను.
నా చోట్లోకొచ్చే కుర్రాడు అడిగాడు,
అన్నిట్లోకీ ఏది గొప్పదని.
సొరుగు లాగి టోలెఫ్‌సన్ ఆరు గుళ్ళూ చూపించాను.
ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ పచ్చబడతాయి.
వాడొకటి తీసి, వేలితో రుద్ది, వాసన చూసి,
"ఇంకా పేలతాయా ఇవి?" అన్నాడు.

తెలీదన్నాను.
ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు.