తాళం చెవి

బ్యాండు మేస్త్రి మొగిలి సాంత్రో
ఎండల నడిస్తె సచ్చిపోతది,
నీడల గంటసేపు నిలవడితె లేస్తది.
ములుగు రోడ్డు మీది నా షెడ్డుకు
ఈ నెలల నాలుగోపాలి తాడు కట్టి గుంజుకొచ్చిండ్లు.
వెనుక సీట్ల రెండు క్లారినెట్లు, ఓ పెద్ద డోలు,
జరీ ఊడిన ఎర్రకోట్లు తొమ్మిది.

ప్లగ్గులు మార్చిన. కాయిలు మార్చిన.
పెట్రోలు పంపు కొత్తది ఏసిన,
ఏసినంక పాతది మంచిదే అని తెలిసి సిగ్గువడ్డ.
ప్రతిసారి మర్యాదగ మొదలై
ఊరు దాటంగనే పరువు తీసేది.
ఒకపాలి పెండ్లిపిలగాడు గుర్రమెక్కి కూసుంటె
మేళం ఆత్మకూరు కాడ ఆగిపోయిందట.
మామ కన్న ముందు గుర్రం అలిగిందట.

"మూడోది తప్పుతాంది" అన్నడు మొగిలి.
"నాలుగు దెబ్బలల్ల మూడోది. వేడెక్కినంకనే.
పదారు సుట్లకొకపాలి జారి, మల్ల అందుకుంటది."
నా మిషిను తెర మీద ఏ తప్పూ లేదు.
సదువుకున్న తెర. సదువుకోని చెవి.
ఎవల్ని నమ్మాలె?

డ్యాష్‌బోర్డు కింద, ఎడమ కాలు తగిలే కాడ
సద్ది డబ్బంత వెండి పెట్టె.
ఇంజనుకు సోయి గదే.
ఎన్ని చినుకుల పెట్రోలు, ఏ గడియల నిప్పు,
అన్నీ దాని హుకుమే.
మొగిలి సంకల నుంచి డోలు పుల్ల తీసి
పసిపిల్లను లేపినట్టు దాని మీద మెల్లగ ఏసిండు.
మూడో దెబ్బకు ఇంజను ఆగింది.
మల్ల స్టార్టు చేసిన, మల్ల ఏసిండు.
మల్ల ఆగింది.
ఇద్దరం కొద్దిసేపు మాట్లాడలె.

విప్పి చూస్తె మూలకు పచ్చటి చిలుము.
ముంగటి అద్దం కింద రబ్బరు పగిలి
ఎన్ని వానకాలాల నీళ్లో
సుక్క సుక్క దాని నెత్తి మీదికే జారినయి.

తుక్కు అంగట్ల జోడు పెట్టె దొరికింది.
నంబరు అదే, చివరి అచ్చరం కూడ అదే.
రామగుండం రోడ్డుల లారీ కింద నలిగిన బండిదట.
అంగడాయన ధర చెప్పిండు గని
బండ్ల ఉన్నోళ్ల సంగతి చెప్పలె.
నేను అడుగలె.

బిగించి తాళం చెవి తిప్పిన.
ఎర్రదీపం కొట్టుకుంటనే ఉన్నది, ఇంజను పలుకలె.
ఈ చెవి ఎవలిదో ఆ పెట్టెకు ఎరుక లేదు.
"తాళం కలుస్తలేదు" అన్న.
"నాకిడిసిపెట్టు" అని మొగిలి పుల్ల అందుకున్నడు.
"ఆ తాళం గాదే!"

పక్క దుకాణం తాహెరా ఫోన్లు బాగు చేస్తది.
నా చెయ్యి వణుకవట్టి రెండేండ్లాయె.
పాత పెట్టెలకెల్లి ఎనిమిది కాళ్ల పురుగొకదాన్ని,
పెసరగింజంత,
వేడిగాలి తోని లేపి, పట్కారు మొనకు పట్టి
కొత్తదాంట్లె కూసోబెట్టింది.
ఆమె ఊపిరి బిగబట్టింది. మేం అసలే పీల్చలె.
"మీ చెవి యాది ఇండ్లనే ఉంటది" అన్నది,
"మిగిలిందంత కిరాయి ఇల్లు."

పలికింది.
కొత్తగ డోలు నేర్చెటోడి లెక్క
జర్ర ఎగిరి, జర్ర కుంగి, కుదురుకున్నది.
మొగిలి కండ్లు మూసుకొని ఇన్నడు.
పదారు. ముప్పయిరెండు. అరవైనాలుగు.
మూడోది తప్పలె.

"ఇగ ఇది నా బండేనా, ఆ నలిగిన బండా?"
"చెవి నీదే గద" అన్న.
తల ఊపిండు. నమ్మినట్టు లేడు.
ఎనిమిది వందలు బాకీ పెట్టి
చిలుము పట్టిన పెట్టెను రుమాల్ల మూట గట్టుకొని పోయిండు,
దేనికో నాకు సమజ్ గాలె.
అద్దం కింది పగులుకు సైకిలు ట్యూబు ముక్క అంటించిన గని
దాని పైసలు అడుగుడు మర్చిన.

వారం దినాలకు ఫోను చేసిండు.
హలో అనలె. ఫోన్ బానెట్ మీద పెట్టినట్టున్నడు.
ఇంజను సప్పుడు, దాని మీద
రేకు మీద పడ్డట్టు వాన.
నలభై దాక లెక్కవెట్టిన.
గిరాకి అచ్చింది, పెట్టేసిన.