ఏడో గడి

మూడు వేళ్లు పైకెత్తి
చిటికెన వేలి గోరు మీద బొటనవేలు ఆనించి
ఇరవై రెండు గొంతులు ప్రతిజ్ఞ చెప్తుంటే
ఒక్క మాట దగ్గర
ఇరవై ఒకటే వినపడ్డయి నాకు.

మిగతాదంతా పలికిండు హరిలాల్.
దేశం అన్నడు, సాయం అన్నడు, నియమం అన్నడు.
దేవుడు అనాల్సిన కాడ
పెదవులు కదిలినయి, చప్పుడు లేదు.
నెమలి దళం, చివరి వరుస, కుడి నుంచి మూడోవాడు.

నాకెట్ల తెలుసంటే
డెబ్బై నాలుగుల ఇదే దేవరకొండ బడి మైదానంల
అట్లనే గాలి మింగినోణ్ని నేను.
మా నాయిన సంగంల తిరిగినోడు.
ఇంట్ల దీపం బుడ్డి ఉండె గని దీపారాధన లేకుండె.
ఖాకీ నిక్కరు కుట్టించి ఒక్కటే మాటన్నడు:
"నమ్మనిది పలుకకు, పలికింది ఇడువకు."
మా సారు కనిపెట్టలే.
కనిపెట్టే, విజిల్ తుడుచుకుంట అటు చూసిండో ఏమో.

ఇప్పుడా విజిల్ నా మెడలున్నది.
రాజ్య పురస్కార్ దరఖాస్తులు నా టేబుల్ మీదున్నయి.
ముళ్లు వేసుడుకు పది మార్కులు,
ప్రథమ చికిత్సకు ఇరవై,
భక్తికి మాత్రం మార్కుల్లేవు, ఒక గడి ఉంది.
ఏడో గడి: మత పెద్ద సంతకం, హోదా.

ముజమ్మిల్ జుమ్మా కాంగనే తెచ్చిండు,
కాయితం నిండ అత్తరు వాసన.
శ్రీకర్‌ది పూజారి ఆకుపచ్చ ఇంకుతోని, గుండ్రంగ.
హరిలాల్‌ది మడత మీద మడతై
జేబులనే చినుగుతున్నది.

"ఏందిరా?"
"మా బా పాస్టర్ కాడికి పోదామంటడు సార్.
దాది మేరామ యాడి కాడికి అంటది.
ఎవరి సంతకం తెచ్చినా
ఆ రాత్రి ఇంకొకరు బువ్వ తినరు."
"మరి నీకు?"
"నాకు ఇద్దరు కావాలె సార్."

నాకు దేవుడు లేక మింగిన మాట
వాడు ఎక్కువై మింగుతున్నడు.

డిండి కట్ట కింద మూడు రాత్రుల క్యాంపు.
సర్వధర్మ ప్రార్థనల ఎవరి వంతు వాళ్లు చదివిన్రు.
హరిలాల్ లాంతరు పట్టుకున్నడు
చదివేటోళ్ల పుస్తకాల మీద పడేటట్టు.

రెండో రాత్రి వాన.
నూలుతాడు తడిస్తే బిగుస్తది,
బిగిస్తే మేకు లేస్తది,
మేకు లేస్తే గుడారం పండుకున్నోళ్ల మీదనే పడ్తది.
ఈ పాఠం చెప్పిన నేను నిద్రపోయిన.
మెలకువొచ్చి బ్యాటరీ లైటు ఏస్తే
తొమ్మిది గుడారాల చుట్టు ఒక్కడే,
నెత్తిన యూరియా సంచి, మోకాళ్ల దాక ఎర్రమన్ను,
ఒక్కో తాడును జానెడంత వదులు చేసుకుంట.
పెదవులు కదులుతున్నయి.
ఈసారి చప్పుడుంది గని
వాన ఎక్కువుండె, మాట దొరకలే.

సోమవారం కాయితం తెచ్చిండు.
ఏడో గడిల ఒక బొటనవేలి ముద్ర, పసుపు మరకతోని.
దాని పక్కకే ఒదిగి, గీత దాటి, వాళ్ల నాయిన సంతకం.
ఎట్ల ఒప్పుకున్నరని అడగలే.
వాడు చెప్పలే.

జిల్లా ఆఫీసోళ్లు ఎర్రపెన్నుతో తిప్పి పంపిన్రు:
"వేలిముద్ర ఎవరిది? హోదా రాయలేదు."
నేనే రాసిన:
నాయినమ్మ, మేకలు కాస్తది.
తండ్రి, సెంట్రింగ్ పని.

పురస్కారం వచ్చిందా అని అడుగుతరు.
రెండేండ్లకొచ్చింది,
పేరుల ఒక అక్షరం తప్పుతోని.
అప్పటికి వాడు నల్లగొండల ఐటిఐ చదువుతుండె.
బస్టాండుల ఎడమ చెయ్యి చాపి తీసుకున్నడు,
స్కౌటు లెక్కనే.

అప్పట్నుంచి ప్రతిజ్ఞ చెప్పించేటప్పుడు
ఆ మాట ముందు అరక్షణం ఆగుత.
పిల్లలు నాకు ఆయాసమనుకుంటరు.