చేత్తో చూసేది

పదకొండేళ్లుగా
నల్లబల్ల మీద కన్ను గీస్తున్నాను.
ఓ గుండ్రం, లోపల ఇంకో గుండ్రం,
బాణం గుర్తులు, పక్కన పేర్లు.
పిల్లలు దించుకుంటారు, నేను దిద్దుతాను.
ఆ కన్ను ఇంతవరకూ ఎవర్నీ చూడలేదు.

ఈ మంగళవారం మాత్రం
హోమాబే రేవులో, చేపల ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర
తలకాయలు బేరమాడాను.
పెద్ద ఎంబూటా చేపలవి, పన్నెండు.
కండంతా విమానమెక్కి ఎవరి పళ్లేల్లోకో పోతుంది,
తలా తోకా మాకు మిగులుతాయి.
బకెట్టు సైకిలుకి కట్టుకుని వస్తుంటే
బడి దాకా కొంగలు వెంటపడ్డాయి.

మూడో ఫారం, ముప్పై ఎనిమిది మంది.
బ్లేళ్లు ఆరు. మైక్రోస్కోపు ఒకటి, దానికి అద్దం లేదు.
బల్లల మీద పాత పరీక్ష పేపర్లు పరిచాం.
ముందు వరస ముక్కు మూసుకుంది.
డాక్టరవుతానని రోజూ చెప్పే ఒగ్వెనో
బ్లేడు పట్టుకుని తలుపువైపు చూస్తున్నాడు.

చివరి బెంచీ నించి అవూర్ లేచింది,
పేరు పిలిస్తే నేల చూసే పిల్ల.
"బ్లేడుతో కాదు టీచర్, జారుతుంది" అంటూ
అన్నం డబ్బాలోంచి చెంచా తీసింది.
బొటనవేలు చేప చెంప కింద ఆనించి
ఒక్క తిప్పు.
ఒలిచిన పనసతొనలా ఊడొచ్చింది కన్ను.
వాళ్లమ్మ రేవులో ఇవే తలకాయలు వేయించి అమ్ముతుందని
నాకు తెలుసు.
తెలిసీ ఏనాడూ ఆ పిల్లని ఏమీ అడగలేదు.

కోసింది. నల్లటి నీరు, జిగురు,
ఆ జిగురులోంచి దొర్లింది
ఉడికిన సగ్గుబియ్యంలా తేటగా,
బఠాణీ కంటే కాస్త పెద్దగా, కటకం.
దొర్లి దొర్లి పేపరు మీద ఆగింది.
ఎవరిదో కాదు, తన పేపరే.
ముప్పైకి ఏడు.
ఎర్రసిరాతో నేనేసిన ఏడు
ఆ గింజ కింద ఏనుగై నిలబడింది.

అవూర్ పకపకా నవ్వింది,
"చూడండి, ఎంత పెద్ద ఏడో!"
తలల మీద తలలు.
ఒగ్వెనో బ్లేడు పారేసి బెంచీ ఎక్కాడు.
నేనూ వంగాను, నా ఏడుని నేనే చూడ్డానికి.

అప్పుడంది:
"నూనెలో పడితే ఇది తెల్లబడిపోతుంది, సుద్దముక్కలా.
మా అవ్వ కన్నూ అంతే."
కాస్త ఆగి,
"టీచర్, మా అవ్వ కంటిని ఎవరు వేయించారు?"

సిలబస్‌లో ఆ ప్రశ్న లేదు.
సరస్సు మీద అరవయ్యేళ్ల ఎండ అన్నాను.
తెల్లసొన ఉడికితే ఏమవుతుందో
గుర్తుచేసుకోమన్నాను.
వయసన్నాను. ఆపరేషన్ ఉందన్నాను, కిసుములో.
ఖర్చెంతో ఎవరో అడిగారు, చెప్పలేకపోయాను.
మా లువో మాటలో కంట్లో ఉండేది గుడ్డే.
పుట్టినప్పటినించీ అంటున్న మాట,
ఇవాళే విన్నాను.

గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు.
మిగిలిన కన్నొకటి ఆకులో చుట్టుకుంది అవూర్.
"అవ్వకి చూపిస్తా."
కనబడదుగా అని వెనకెవరో కిసుక్కుమన్నారు.
"చేత్తో చూస్తుంది" అంది
బకెట్టు దగ్గర రెండోసారి సబ్బు రుద్దుకుంటూ,
అదేమంత చెప్పాల్సిన సంగతి కాదన్నట్టు.

సాయంత్రం హెడ్మాస్టరు చీటీ పంపాడు:
ఇకమీదట చేపలు ఆరుబయట.
సంతకం పెట్టాను.
రాత్రి లాంతరు దగ్గర పేపర్లు దొంతర పెడుతుంటే
ఒక పొలుసు అంటుకుని ఉంది, ఎవరి పేరు మీదో.
గోటితో గీరబోయి ఆగాను.
అక్షరాలు మసగ్గా ఉన్నాయి.
దీపం దగ్గరికి జరుపుకుని
ఆ పొలుసులోంచే చదవడం మొదలుపెట్టాను.