సురేకారం మనవడు

ఈకీకే రేవు దీపాలు వెనక మునిగాక
నా పని మొదలవుతుంది.
తీగ వదలడం, తీగ చుట్టడం.
ఇరవై రెండేళ్ళుగా ఇంతే,
బావి మీద ఏతం ఎలాగో, ఈ పడవ మీద నేనలాగ.

ఈ రాత్రి పన్నెండు సీసాలు దిగాయి.
అరవై మీటర్లు దాటేసరికి తెర మీద గీత
చరియ విరిగినట్టు పడిపోయింది:
ప్రాణవాయువు సున్నా.
ఆంకోవెటా చేపలు పైపొరలోనే తచ్చాడతాయి,
గడప దాటొద్దని చెప్పిన పిల్లల్లా.
"ఆపు," అంది రయెన్. "నూట నలభై. వాళ్ళు ఇక్కడే ఉంటారు."

వాళ్ళు అంటుంది.
ఎప్పుడూ అవి అనదు.

పైకొచ్చాక చూస్తే మామూలు నీళ్ళు.
చల్లగా, నా అరచేతి పగుళ్ళని మండించేంత ఉప్పగా.
సూదిమొనంత గాలి కూడా చొరబడకుండా
చిన్న గాజు బుడ్లలోకి నింపుతుంది,
బరువైన నత్రజని పిసరంత కలుపుతుంది,
చీకటి పెట్టెలో పెట్టి మూత వేసి
గడియారం వైపు చూస్తుంది,
పొయ్యి మీద పాలు పెట్టిన మనిషిలా.

"లోపల ఏం చేస్తుంటారు?"
"అమ్మోనియా ఇంటి నుంచి ఒకణ్ణి, నైట్రైట్ ఇంటి నుంచి ఒకర్ని
తెచ్చి ముడివేస్తారు. ఆ జంట గాలై లేచిపోతుంది.
మళ్ళీ ఈ నీళ్ళలో ఏ నాచుకీ అందదు."
"అంత తొందరేం వాళ్ళకి?"
"తొందరా! ఒకరు ఇద్దరవడానికి
రెండు వారాలు పడుతుంది."

ఫెర్మీన్ తాత గుర్తొచ్చాడు.
ఈ తీరానికి వెనక, ఎడారిలో,
సురేకారం గనిలో సుత్తి మనిషి.
కూలి ఇత్తడి బిళ్ళల్లో ఇచ్చేవాళ్ళు,
కంపెనీ కొట్లో తప్ప చెల్లని బిళ్ళలు.
ఆయన పగలగొట్టిన రాయి ఓడలెక్కి పోయి
ఎవరి పొలంలోనో గోధుమైంది,
ఎవరి ఫిరంగిలోనో మందైంది.
దానికోసం అంతకు ముందే మూడు దేశాలు కొట్టుకున్నాయి.
తాతకి దగ్గు మిగిలింది. ఒక బిళ్ళ కూడా.
అది నా తాళాల గుత్తికి ఉంది.

"అంత సరుకు అక్కడ ఎలా పోగుపడింది?" అన్నాను.
"వాన లేక," అంది రయెన్, బుడ్డి మీంచి తలెత్తకుండా.
"వాన లేని చోట వాళ్ళూ ఉండరుగా.
తినే నోరు లేక, లక్షల ఏళ్ళు అలా మిగిలిపోయింది."

వించ్ హోరులో ఆ మాట రెండుసార్లు విన్నాను.
మా వాళ్ళు ఊపిరితిత్తులు అరగదీసుకున్నది
వీళ్ళు ముట్టని కూటి కోసమా!

నానమ్మ సతుర్నీనాది వేరే లెక్క.
పీకా ఒయాసిస్సులో చాపంత అల్ఫాల్ఫా మడి.
ఒక మొక్క పీకి, వేరు మీది బుడిపెను
గోటితో చిదిమి నాకు చూపించేది.
లోపల ఎర్రగా, అప్పుడే తెగిన వేలులా.
"నా కూలీలు," అనేది. "బిళ్ళలు అడగరు.
ఆకు వండిన తీపిలో కాస్త పెడితే చాలు,
గాలిని పట్టుకొచ్చి మట్టిలో కట్టేస్తారు."
దాతలకి చేతికి ఎముక లేదంటాం.
వీళ్ళకి చెయ్యే లేదు.

మరి వీళ్ళు కట్టేదీ, కింద వాళ్ళు విప్పేదీ
ఒకటేనా?
రయెన్ కొంచెం ఆలోచించింది.
"ఒకటే. కానీ వెనక్కొచ్చేసరికి
మనం ఉండం. పడవా ఉండదు.
ఎక్కడో వెచ్చటి సముద్రంలోనో,
ఎవరి మడిలోనో దిగుతుంది."
ఆ తర్వాత, కాస్త చిన్నగా:
"ప్రాణవాయువు లేని నీళ్ళు ఏటేటా పరుచుకుంటున్నాయి.
విప్పేవాళ్ళకి చోటు పెరుగుతోంది.
అది మంచిదో కాదో
ఈ బుడ్లు చెబుతాయని వచ్చాను."

గట్టిగా ఊపిరి పీల్చాను.
అందులో ఐదింట నాలుగు పాళ్ళు అదే.
లోపలికొచ్చింది, నన్ను పట్టించుకోలేదు, పోయింది.
నాకు దాన్ని విప్పడమూ రాదు, కట్టడమూ రాదు.

"ఇంకోసారి, రెండొందలకి," అంది.
బ్రేకు మీద చెయ్యి వేశాను.
ఉప్పు పేరుకున్న పిడి, సుత్తి పిడంత గరుకు.
తీగ వదిలాను.