ఓడెక్కిన చెంగి

చిత్తూరు కలెక్టరాఫీసు రికార్డు గదిలో
పదకొండో రోజు.
కట్ట విప్పితే పురుగు తిన్న కాగితం
అప్పడంలా విరుగుతోంది.
నేను వెతికేది తిరుగుబాటు,
దొరికేది జమాఖర్చు:
మనిషికి నాలుగు మూరల గుడ్డ, ఓడలో బియ్యం కొలత,
తిరిగి రానివాళ్ళ పేర్ల ముందు ఇంటూ మార్కు.

మధ్యాహ్నం, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాసన
కిటికీలోంచి వచ్చే వేళ,
ఒక పేరు. చెంగి.
బంగారుపాళెం. ఎడమ మోచేతి మీద తేలు పచ్చబొట్టు.
చెరకుతోటలో పనికి రానంది. నెల కూలి కోత.
మళ్ళీ రానంది. పది రోజుల జైలు.
మూడోసారి ఎనిమిదిమందిని వెంటబెట్టుకుని
మేజిస్ట్రేటు గడపదాకా నడిచింది.
ఆపైన గుమాస్తా చేతిరాత తొందరపడింది:
పరారీ.

తలవంచినవాళ్ళకి ఈ పుస్తకంలో తలా ఒక అంకె.
ఆమెకు పేజీన్నర.
దొర కోపమే ఆమెను రాసి పెట్టింది.

పేరు పైకి చదివాను.
తలుపు దగ్గర కునుకుతున్న అటెండరు గుర్రప్ప లేచాడు.
"యాడిది సార్ ఆ పేరు? మాదీ బంగారుపాళెమే.
చిన్నప్పుడు మేం మొండికేస్తే మా అవ్వ
'ఏంరా, ఓడెక్కిన చెంగి మాదిరి' అని తిట్టేది.
ఓడంటే ఏందో అవ్వకీ తెలీదు, మాకీ తెలీదు."

కళ్ళద్దాలు తుడుచుకుని
ఇంగ్లీషు రాని వేలితో ఆ వరస మీద నడిచాడు,
తేలు ఎక్కడని అడిగి
అక్కడ ఆగాడు.

ఐదుకి గది మూయాలి.
ఇవాళ ఐదున్నర దాటినా
తాళంచెవి అతని జేబులోనే ఉంది.